తెలియదనుట తప్పు కాదు



1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు జిల్లాలో, కిశోర్ భారతి మున్నగు సంస్థల చొరవతో, 16 మాధ్యమిక పాఠశాలలలో నూతన విజ్ఞానబోధన ప్రారంభమైనది. పిల్లలు పాఠము వల్లించుటకు మారు, జట్లుగా కూడి ప్రయోగములు చేసి, చూచినది వ్రాసి చర్చించిరి. పరీక్షలోనూ పుస్తకము చూచుటకు వీలుండెను. పరీక్షింపబడినది జ్ఞాపకశక్తి కాదు, ఆలోచన.

అచట ఉపాధ్యాయులకు లభించిన పాఠములు రెండు. తెలియని ప్రశ్న ఎదురైనపుడు “నాకు తెలియదు, కలిసి చూతము” అనుట అవమానము కాదు. రెండు జట్లకు వేర్వేరు ఫలితములు వచ్చినచో, గద్దింపక కారణము వెదకవలెను.

2002లో రాష్ట్రప్రభుత్వము ఆ కార్యక్రమమును నిలిపివేసినది. అయినను ఆ పాఠములు మన యిండ్లకు పనికివచ్చును. బదిలీలతో మన బిడ్డలకు బడి మారును, పుస్తకము మారును; స్వయముగా పరిశీలించు అలవాటు మాత్రము వెంట వచ్చును. కావున వారి ప్రశ్నలను “తరువాత” యని త్రోసివేయకుడని మనవి.