గుత్తదారు కార్డుకు మన సంతకం



సర్వీసంతా కాగితాల మధ్య గడిపినవాణ్ణి కనుక కాగితం సంగతే చెబుతాను. కేంద్రం 2019 ఫిబ్రవరిలో పి.ఎం. కిసాన్ ప్రారంభించింది. ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతలు. నెలకు 10,000, ఆపైన పెన్షన్ పొందేవారికి ఇది రాదు. నాలుగో తరగతి వారికి మినహాయింపు. పొలం భార్య పేరున ఉన్నా అంతే, భార్యాభర్తలు, మైనరు పిల్లలు ఒకే కుటుంబం కింద లెక్క. పొరపాటున జమ అయితే తిరిగి కట్టవలసిందే. ఇందులో నాకు అన్యాయం కనిపించదు. మనకు నెలనెలా పెన్షన్ ఉంది.

నా బాధ వేరు. మనలో చాలామంది గుర్రంకొండ చుట్టుపక్కల చేలను గుత్తకిచ్చాము. టమోటా నారు, కట్టెలు, మందులు, ఖర్చంతా గుత్తదారుదే. పాసు పుస్తకం లేదు కనుక పి.ఎం. కిసాన్ అతనికీ రాదు. అతనికున్న దారి 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం. దాని కింద కార్డు ఉంటే పంట రుణం, బీమా, కరువొస్తే పెట్టుబడి రాయితీ అడగవచ్చు. కానీ ఒప్పంద పత్రంపై యజమాని సంతకం కావాలి. అక్కడే మనవాళ్ళు వెనక్కి తగ్గుతారు, రేపు భూమి తనదంటాడేమోనని. 1956 కౌలుదారీ చట్టం నాటి భయమిది. ఈ ఒప్పందం 11 నెలలే. హక్కు పైరు మీద, భూమి మీద కాదు. ఫారం చదవకుండానే భయపడటం గుమాస్తాగిరీ చేసినవాళ్ళకు నామోషీ కాదూ!

ఈసారి గుత్త డబ్బు తీసుకునే రోజునే ఆ ఫారం తెప్పించుకొని, గ్రామ రెవెన్యూ అధికారి ఎదుట సంతకం చేయండి. ఇంట్లో పిల్లలు అడ్డు చెబితే వారికీ ఒకసారి చదివి వినిపించండి.