గేదె బొమ్మ చూపి "ఎందుకు?" అని అడుగుదాం

(పల్లెల్లో రాత్రిబడులు నడిపే కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

మన పల్లెలో మూడో తరగతి పిల్లాణ్ణి పిలిచి పుస్తకం చేతికివ్వండి. గడగడా చదువుతాడు. "ఇప్పుడు చదివిందేంట్రా?" అని అడగండి. నేల చూపులు చూస్తాడు. నోరు చదివింది గానీ బుర్రకెక్కలేదు. దీన్నే మనం చదువు అనుకుంటున్నాం. మన తాతలు అర్థంగాని కాగితం మీద వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్నారు. అదే అర్థంగాని కాగితం మీద మనవడు సంతకం పెడితే తేడా ఏముంది?

1848లో పూనాలో ఫూలే దంపతులు ఆడపిల్లలకు బడి పెడితే సావిత్రిబాయి మీద పేడ విసిరారు. 1910లో హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ మన పిల్లల కోసం బడి తెరిచాడు. బడి గడప తొక్కడానికే మనకు ఇన్ని తరాలు పట్టింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. ఇప్పుడు మన బిడ్డ పేరు రిజిస్టరులో ఉంది. గడప దాటాం. ఇక పుస్తకం లోపలికి పోవాలి.

దానికి నేను చెప్పే సాధనం చాలా చిన్నది. జంతువుల బొమ్మల పుస్తకం.

ఎందుకంటే ఈ విషయంలో మన పిల్లలే పండితులు. గేదె ఈనే ముందు ఎట్లా తిరుగుతుందో, మేక ఏ ఆకు తింటుందో, ఏది ముట్టదో, గద్ద నీడ పడితే కోడి పిల్లల్ని ఎట్లా పిలుచుకుంటుందో ఐదేళ్ల పిల్లకి తెలుసు. అక్షరాలు కూడబలుక్కున్నంత మాత్రాన అర్థం రాదు. పుస్తకంలో మాటకు, ముందే తెలిసిన సంగతి తోడు కావాలి. విమానం ఎక్కని పిల్లకి విమానం పాఠం బరువు. మేక పాఠం ఆడుతూ పాడుతూ అందుతుంది.

అయితే ఒక అడ్డముంది. మన ఇంటికి అన్నం పెట్టే జంతువు బడిలో తిట్టుగా మారుతుంది. దున్నపోతు, గాడిద, పంది అని ఎవర్ని ఎక్కువగా తిడతారో మీకు చెప్పనక్కర్లేదు. అందుకని పిల్ల తనకు తెలిసింది దాచుకోవడం నేర్చుకుంటుంది. దాచుకున్న పిల్లకి పాఠం అర్థం కాదు. కాబట్టి రాత్రిబడిలో మొదటి నియమం ఇది: పిల్ల "బర్రె" అంటే "గేదె అనాలి" అని కసరొద్దు. రెండు మాటలూ పలక మీద రాయండి. "మ్యాక" అంటే నవ్వొద్దు.

ఇక పద్ధతి. పుస్తకం తెరవక ముందు అట్ట మీద బొమ్మ చూపి, లోపల ఏం జరుగుద్దో చెప్పమనండి. తర్వాత మీరు పైకి చదవండి. మధ్యలో ఆగి, తర్వాత ఏమవుద్దని అడగండి. అయిపోయాక పుస్తకం మూసి పిల్లల చేత కథ చెప్పించండి. ఒకడు తప్పు చెబితే కొట్టొద్దు, "అది ఏ పేజీలో ఉందో చూపించు" అనండి. వెతుక్కుంటూ వెనక్కి వెళ్లి చదువుతాడే, అదీ చదువు.

ప్రశ్నలు మూడు రకాలు. సింహం, కుందేలు కథ తీసుకుందాం. కుందేలు ఎప్పుడొచ్చింది? ఆలస్యంగా. ఈ జవాబు పుస్తకంలోనే దొరుకుద్ది. కావాలని ఎందుకు ఆలస్యం చేసింది? సింహానికి ఆకలీ కోపమూ ముదిరితే ఆలోచన పోతుందని. ఇది పిల్ల తనంతట తాను పట్టుకోవాలి. మూడోది, మన బతుకులోంచి వచ్చే జవాబు. రోజుకొక జంతువును పంపుతామని ఒప్పుకున్నాయి కదా, ముందు ఎవరి వంతు వచ్చుంటుంది? నేనిది అడిగితే రెండో తరగతి పిల్ల లేచి, "పెద్దవి చిన్నవాటినే ముందు పంపుంటాయి టీచర్" అంది. నీకెట్లా తెలుసంటే, "నా పాత బడిలో ఊడవడానికి మా పేర్లే పిలిచేవాళ్లుగా" అంది. ఆ పిల్లకి కథ అర్థమైందని వేరే పరీక్ష పెట్టాలా?

కొన్ని కథలతో జాగ్రత్త. నక్క నీలిమందు తొట్లో పడి, రంగు మారి అడవికి రాజవుతుంది. మిగతా నక్కలు ఊళ వేస్తే తనూ ఊళ వేసి, దొరికిపోయి చస్తుంది. నీతి ఏంటయ్యా అంటే, పుట్టుక దాగదంట! పులితోలు కప్పుకున్న గాడిద కథా అంతే. ఎవరికి చెప్పిన నీతి ఇది? రాజుగారి ముగ్గురు కొడుకులకు విష్ణుశర్మ చెప్పాడని పంచతంత్రమే చెబుతుంది. చిన్నయసూరి 1853లో దాన్నుంచి నీతిచంద్రిక రాస్తే, అది ఎన్నో తరాలు బడిలో పాఠమైంది. రాజు కొడుక్కి చెప్పిన నీతిని కూలివాడి బిడ్డ అడక్కుండా మింగాలా?

ఆ కథల్ని దాచమని నేననను. చదివించి అడగండి. నక్క చేసిన తప్పేంటి? రాజవగానే తన తోటి నక్కల్నే తరిమేసింది. అది తప్పే, మనలో పైకొచ్చిన వాళ్లూ నేర్చుకోవాల్సిందే. మరి ఊళ వెయ్యడం తప్పా? తన గొంతు తనది కాదా? గాడిద మీద పులితోలు కప్పిందెవరు? యజమాని. లాభం ఎవరిది? యజమానిది. చచ్చిందెవరు? గాడిద. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పిన పిల్లాణ్ణి రేపు కాగితంతో ఎవడూ మోసం చెయ్యలేడు.

జంతువుకు గౌరవం ఇవ్వడం మనకు తెలియంది కాదు. అపశకునమని తరిమే గబ్బిలాన్ని 1941లో జాషువా తన కావ్యంలో దూతగా చేసి కాశీకి పంపాడు. మనిషికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలం పోగలదు కాబట్టి. గేదె సంగతీ అంతే. 1985 జూలైలో కారంచేడులో, మన వాళ్లు తాగే చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్లు కడిగి నీళ్లు మురికి చెయ్యొద్దన్నందుకే గొడవ మొదలైంది. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. 17న ఆరుగురిని చంపారు. గేదెకున్న విలువ మనిషికి ఎందుకు లేదని అడిగిన జాతి మనది. మన పిల్లకి గేదె బొమ్మ ఉత్త బొమ్మ కాదు.

పుస్తకాలు ఎక్కడివి అంటారా? బడి లైబ్రరీ బీరువాకు తాళం వేసుంటే, తల్లిదండ్రులంతా కలిసి పోయి తీయించండి. నేషనల్ బుక్ ట్రస్టు వాళ్లు పిల్లల పుస్తకాలు తెలుగులోనూ వేశారు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు సెల్‌ఫోనులో డబ్బులు కట్టకుండా చదవొచ్చు. అదీ కుదరకపోతే మనమే చేసుకుందాం. పాత క్యాలెండరు కాగితాలు వెనక వైపు తెల్లగా ఉంటాయి. ఎనిమిది పేజీలు కత్తిరించి కుట్టండి. తల్లి తన గేదె సంగతి చెప్పాలి, పిల్ల బొమ్మ వెయ్యాలి, కార్యకర్త పేజీకి ఒక వాక్యం రాయాలి. చదువురాని తల్లి చెప్పిన మాట పుస్తకమై బిడ్డ నోట వినిపిస్తే, ఆ తల్లి మర్నాడు తనే రాత్రిబడికి వస్తుంది.

వచ్చే పక్షం సమావేశానికి ప్రతి పల్లె నుంచి అట్లాంటి పుస్తకం ఒక్కటి తీసుకురండి. దాంతోపాటు, ఆ పుస్తకం చదివి మన పిల్లలు అడిగిన ప్రశ్నలు రాసుకొని రండి. జవాబులు తర్వాత చూద్దాం. ముందు ప్రశ్నలు కావాలి.

జై భీమ్!