ఇల్లు విడుచునప్పుడు
(రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగపాఠము)



“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని పెద్దలు చెప్పిరి. ఇల్లు కట్టుట ఎంత కష్టమో ఆ సామెత చెప్పినది గాని, కట్టిన ఇంటిని కడపటి వయస్సున అమ్ముకొని వేరొక చోటికి పోవుట ఎంత కష్టమో చెప్పలేదు. ఆ దినములలో అట్లు చెప్పవలసిన అవసరము లేకుండెను. కట్టినవాడు ఆ యింటనే కన్ను మూసెడివాడు; అతని కొడుకు ఆ యింటనే దీపము పెట్టెడివాడు. నేడు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో తాళము వేసిన తలుపులు కనబడుచున్నవి. తాళము వేయని అనేక గృహములలో వృద్ధ దంపతులో, ఒంటరి తల్లియో మాత్రమే ఉన్నారు. అట్టివారు ఒకనాడు వృద్ధాశ్రమమునకు పోదలచినచో, ఇల్లు అమ్మవచ్చునా? అమ్మినచో ఎట్లు అమ్మవలెను? ఇదియే నేటి ప్రసంగ విషయము.

ఇల్లు అమ్ముట పాపము కాదు. వరుస తప్పి అమ్ముట ప్రమాదము. మొదట నివాసము నిశ్చయము కావలెను. పిమ్మట హక్కు పత్రములు చక్కబడవలెను. ఆ పిమ్మట విక్రయము. విక్రయమైన తరువాత సొమ్ము వృద్ధుల పేరనే నిలువవలెను. ఈ నాలుగు మెట్లలో ఒకటి దాటి మరియొకదానిపై కాలు పెట్టినవారు జారిపడుదురు.

ఈ ప్రాంతమునకు వలస క్రొత్తది కాదు. ఒకప్పుడు ఈ తీర గ్రామములనుండి వేలకొలది జనులు ఓడలెక్కి రంగూను పోయిరి. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు అనేకులు సర్వమును విడిచి తిరిగి రావలసి వచ్చెను. అట్టివారికి ఊరిలో ఒక గూడు ఉండుటయే అండ. తరువాతి తరములవారు ఖరగపూరునకు, విశాఖపట్నమునకు, మద్రాసునకు, హైదరాబాదునకు పోయిరి. వారి బిడ్డలు సముద్రములు దాటిరి. తండ్రి పోయి తిరిగి వచ్చుట నాటి వలస. బిడ్డలు పోయి తల్లిదండ్రులు మిగిలిపోవుట నేటి వలస. దీనికి తోడు 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానమున కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినది. క్రొత్తగా నాటిన కొబ్బరి కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. డెబ్బది యేండ్ల రైతునకు అన్ని యేండ్లు చేతిలో ఉండవు. అదే ఉద్దానమున మూత్రపిండ వ్యాధి పీడించుచుండుటచే, వైద్యశాలకు చేరువగా ఉండవలసిన వృద్ధులును కలరు. 2011 జనాభా లెక్కలలో దేశమున అరువది యేండ్లు నిండినవారు 10 కోట్ల 38 లక్షలమంది. అనగా నూటికి 8.6 వంతు. కనుక ఇది ఒక యింటి కథ కాదు.

వృద్ధాశ్రమమన్న మాట వినగానే చెవులు మూసికొనువారు కలరు. బిడ్డలు తరిమివేసిన వారు మాత్రమే అచ్చటికి పోవుదురని వారి తలంపు. కాని చివరి దినములలో ఇల్లు విడిచి పోవుట మన పెద్దలు ఎరుగనిది కాదు. కాశీవాసమునకై బయలుదేరిన వృద్ధులు ఎందరో కలరు. కాశీలో గంగ యొడ్డున విజయనగర ప్రభువుల పేర వెలసిన ఘట్టము నేటికిని విజయనగరము ఘాట్ అనియే పిలువబడుచున్నది. అయితే కాశీకి పోయినవాని వెనుక ఉమ్మడి కుటుంబము నిలిచియుండెడిది. అతడు ఇల్లు అమ్మనక్కరలేకుండెను. నేడు ఆశ్రమమునకు పోవువారు నెలనెల ఖర్చు భరింపవలెను. కొన్నిచోట్ల ముందుగా డిపాజిట్టు కట్టవలెను. మందుల ఖర్చు వేరు.

ప్రభుత్వము ఏమి చేయుచున్నదని అడుగవచ్చును. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము, జిల్లాకు ఒకటి చొప్పున, నూట యేబదిమందికి తగ్గకుండ నిరాధార వృద్ధులకు చోటుండునట్లు ఆశ్రమములు నెలకొల్పవచ్చునని చెప్పినది. ఆ మాట నిరాధారులను గూర్చినది. ఇల్లున్నవాడు నిరాధారుడు కాడు. కాని ఇంటి గోడలు మందులు కొనలేవు. ఈ ఇరుకులోనుండియే ఇల్లు అమ్మవలయునన్న ఆలోచన పుట్టుచున్నది.

ఇక మొదటి మెట్టు. ఇల్లు అమ్మకముందే ఆశ్రమమున కొంతకాలము నివసించి చూడవలెను. రెండు మూడు నెలలు అచ్చటి అన్నము తినవలెను. చోడి అంబలికి అలవాటుపడిన కడుపునకు అచ్చటి వంట సరిపడునా? ఊరి వీధి అరుగుమీద సాయంకాలము కూర్చుండి పదిమందితో మాటలాడిన మనస్సు అచ్చటి వసారాలో కుదుటపడునా? ఆ కాలమున ఇంటికి తాళము వేయవచ్చును, లేదా వ్రాతపూర్వకముగ అద్దెకు ఇయ్యవచ్చును. నచ్చనిచో తిరిగి వచ్చుటకు తలుపు తెరచియుండును. ముందే అమ్మినవారికి ఆ తలుపు లేదు.

ఆశ్రమము వారిని అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. డిపాజిట్టు తిరిగి యిత్తురా, ఎన్ని దినములలో ఇత్తురు? నెల రుసుము ఏటేట ఎంత పెరుగును? మంచము పట్టినచో ఉంచుకొందురా, పంపివేయుదురా? దంపతులలో ఒకరు మరణించినచో మిగిలినవారి గది యేమగును? ఆసుపత్రి ఖర్చు ఎవరిది? వీనికి సమాధానములు నోటిమాటగా గాక కాగితముపై ఉండవలెను.

రెండవ మెట్టు హక్కు. “ఇల్లు అమ్మది” అని ఊరెల్ల అనుకొనుచుండును. చట్టము వేరుగా చెప్పవచ్చును. హిందూ కుటుంబమున భర్త స్వార్జితముతో కట్టిన ఇల్లు, అతడు వీలునామా వ్రాయక మరణించినచో, 1956 వారసత్వ చట్టము ననుసరించి భార్యకు, కొడుకులకు, కుమార్తెలకు, అతని తల్లి జీవించియున్నచో ఆమెకును సమానముగ చెందును. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కుమార్తె మాత్రమే ఉన్నచో భార్యది నాలుగవ వంతు. ఆమె యొక్కతె సంతకముతో ఇల్లంతయు అమ్ముడుపోదు. తాతతండ్రులనాటి ఉమ్మడి ఆస్తియైనచో, 2005 సవరణ వలన కుమార్తెలకును కొడుకులతో సమాన హక్కు కలదు. 2020 ఆగస్టు 11న సుప్రీముకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వచ్చునని తీర్పు చెప్పినది. అత్తవారింటికి పోయిన ఆడపిల్లను విడిచి వ్రాసిన విక్రయ దస్తావేజు పిమ్మట వ్యాజ్యమునకు తల్లి యగును.

గ్రామకంఠములోని ఇండ్లకు మరియొక చిక్కు కలదు. అనేకుల యొద్ద ఇంటిపన్ను రశీదులు తప్ప వేరు పత్రములు ఉండవు. గ్రామములలో ఇండ్ల స్థలములను కొలిచి యజమానులకు హక్కు పత్రములిచ్చు స్వామిత్వ పథకమును కేంద్ర ప్రభుత్వము 2020 ఏప్రిల్ 24న ప్రారంభించినది. ఇంతేగాక ఈ జిల్లాల పల్లెలలో వరుస ఇండ్లు కలవు. ఒకే గోడకు ఇరువైపుల రెండు కుటుంబములు కాపురముండును. ఇరుగింటి దూలము, పొరుగింటి దూలము ఆ గోడమీదనే ఆనియుండును. ఉమ్మడి గోడను గూర్చి హద్దులలో స్పష్టముగ వ్రాయనిచో, కొన్నవాడు ఇల్లు పడగొట్టిననాడు పొరుగువాని కప్పు కూలును. కనుక పొరుగువానికి ముందుగా చెప్పుట మర్యాదయే కాదు, అవసరము కూడను.

మూడవ మెట్టు విక్రయము. తక్కువ విలువకు దస్తావేజు వ్రాసి మిగిలినది చేతికి రొక్కముగ నిచ్చుట కొందరి అలవాటు. వృద్ధులకు ఇది మిక్కిలి ప్రమాదకరము. వ్రాతలో లేని సొమ్మును రేపు ఎగవేసినచో అడుగుటకు ఆధారముండదు; ఇంటిలోనుంచిన రొక్కము దొంగలకు, బంధువులకు సమానముగ కనబడును. 2015 జూన్ 1 నుండి స్థిరాస్తి విక్రయమునకు ఇరువది వేల రూపాయలు గాని అంతకు మించి గాని బయానాగా రొక్కమున పుచ్చుకొనుట ఆదాయపు పన్ను చట్టమునకు విరుద్ధము. సొమ్మంతయు బ్యాంకు ద్వారానే రావలెను. రెండేండ్లకు మించి కలిగియున్న ఇంటిని 2024 జూలై 23 తరువాత అమ్మినచో, లాభముపై పన్ను నూటికి పన్నెండున్నర వంతు. 2001 ఏప్రిల్ 1కి పూర్వము సంపాదించిన ఇంటికి, ఆనాటి విలువను కొన్న ధరగా చూపి లాభము లెక్కింపవచ్చును. ఆ సొమ్ముతో వేరొక ఇల్లు కొన్నవారికి మినహాయింపు కలదు గాని, ఆశ్రమమున కట్టిన డిపాజిట్టు ఇల్లు కొనుట కాదు.

నాలుగవ మెట్టు అన్నిటికన్న ముఖ్యము. అమ్మగా వచ్చిన సొమ్ము ఎవరి పేర ఉండవలెను? పెద్దకొడుకు అప్పు తీర్చుటకు కొంత, చిన్నకొడుకు వ్యాపారమునకు కొంత, మనుమరాలి పెండ్లికి కొంత పోయి, చివరకు వృద్ధుల ఆశ్రమ ఖర్చు “మేము నెలనెల పంపుదుము” అన్న మాటగా మిగులుట తరచుగా జరుగుచున్నది. కొన్ని నెలలు వచ్చును, పిమ్మట ఆలస్యమగును, పిమ్మట ఆగిపోవును. బిడ్డలు దుర్మార్గులు కానక్కరలేదు; వారికిని వారి కష్టములుండును. కాని ఇల్లు అమ్మిన తల్లికి వేరొక ఇల్లు అమ్ముటకు లేదు. ఆమె వంతు ఆమె పేరనే ఉండవలెను. తపాలా కార్యాలయమున, బ్యాంకులలో నున్న వయోవృద్ధుల పొదుపు పథకమున అరువది యేండ్లు నిండినవారు, 2023 ఏప్రిల్ 1 నుండి, ముప్పది లక్షల వరకు దాచుకొనవచ్చును. మూడు నెలలకొకసారి వడ్డీ చేతికి వచ్చును. బ్యాంకు మూతపడినచో ఒక్కొక్కరికి ఒక్కొక్క బ్యాంకున అయిదు లక్షల వరకే బీమా రక్షణ కలదు గనుక, ఉన్నదంతయు ఒకే చిన్న బ్యాంకున ఉంచరాదు. తమ తదనంతరము ఎవరికి చెందవలెనో ఇద్దరు సాక్షుల యెదుట వీలునామా వ్రాసికొనవచ్చును. వీలునామాను జీవించియుండగా ఎన్నిసార్లయినను మార్చుకొనవచ్చును; దానపత్రమును అట్లు మార్చుటకు వీలులేదు.

కొందరు ఇల్లు అమ్మక, “నన్ను చూచుకొనుము” అని ఒక బిడ్డకు వ్రాసియిత్తురు. 2007 చట్టములోని 23వ విభాగము, పోషణ షరతుతో ఆస్తి పొంది పోషింపని వారినుండి ఆ బదిలీని రద్దు చేయించుకొను హక్కు వృద్ధులకు ఇచ్చినది. కాని షరతు ఉన్నట్లు ఊహింపరాదని, దానిని చూపవలసియుండునని 2022 డిసెంబరు 6న సుప్రీముకోర్టు చెప్పినది. 2025 జనవరి 2న అదే న్యాయస్థానము, ఈ చట్టమును వృద్ధుల మేలుకొరకు ఉదారముగ అర్థము చేసికొనవలెనని చెప్పుచు, ఒక తల్లి ఇచ్చిన దానపత్రము రద్దును సమర్థించినది. రెండు తీర్పులనుండియు గ్రామస్థుడు నేర్వవలసిన పాఠము ఒక్కటే: షరతును దస్తావేజులోనే వ్రాయించవలెను. పోషణ లభింపనివారు రెవెన్యూ డివిజనల్ అధికారి యొద్దనున్న ట్రిబ్యునలునకు అర్జీ పెట్టుకొనవచ్చును.

అమ్మకము తప్ప వేరు మార్గము లేదా? ఇంటిని బ్యాంకునకు తాకట్టుపెట్టి నెలనెల సొమ్ము పొందు రివర్స్ మార్టుగేజి పథకము 2007–08 కేంద్ర బడ్జెటులో ప్రకటింపబడినది. అది స్వార్జితమైన, హక్కులు స్పష్టముగనున్న ఇంటియందే నివసించు వారికొరకు ఏర్పడినది. ఇల్లు విడిచి పోవువారికి సరిపడదు. ఫ్రాన్సు దేశమున మరియొక పద్ధతి కలదు. కొనువాడు వృద్ధుల జీవితాంతము నెలనెల సొమ్ము చెల్లించి, వారి మరణానంతరము ఇల్లు స్వాధీనము చేసికొనును. 1965లో ఆర్ల్ పట్టణమున జాన్ కల్మాఁ అను తొంబది యేండ్ల స్త్రీ నెలకు 2,500 ఫ్రాంకులకు తన నివాసమును ఒక నోటరీకి ఇట్లే అమ్మినది. ఆమె త్వరలోనే పోవునని అతడు తలచియుండును. ముప్పది యేండ్లు చెల్లించి 1995లో అతడే మరణించెను. ఆమె 122 యేండ్లు జీవించి 1997లో మరణించెను. వృద్ధుల ఆయుర్దాయమును లెక్కగట్టువారు ఈ కథ గుర్తుంచుకొందురు గాక. వృద్ధులును దీనినుండి ఒకటి గ్రహింపవలెను: పదేండ్లకు సరిపోవునని లెక్కవేసిన సొమ్ము ఇరువది యేండ్లు నడువవలసి రావచ్చును.

చట్టము చెప్పనిది ఒకటి కలదు. ఇల్లు ఖాళీచేయు దినమున బిడ్డలు రెండు దినముల సెలవుపై వచ్చి, సామానులను “పనికి వచ్చునది, పనికి రానిది” అని రెండు కుప్పలు చేయుదురు. రోలు, పెట్టె, ఉయ్యాల బల్ల, భర్త చేతికఱ్ఱ పనికిరాని కుప్పలో పడును. ఏది వెంట రావలెనో ఆ తల్లిని ముందుగ అడుగుట బిడ్డల ధర్మము. దేవుని పటము, ఇత్తడి చెంబు, పాత దుప్పటి ఆశ్రమపు గదిలో చోటు పట్టవు; కాని పరాయి గదిని తన గదిగా చేయును. ఊరివారికి చెప్పక చీకటిలో పోవుట కంటె, పొరుగువారిని పిలిచి చెప్పి పోవుట మేలు. అది పరాజయము కాదు, ప్రయాణము.

ఈ విషయమున గ్రంథాలయము చేయదగిన సేవ కలదు. 2007 చట్టపు తెలుగు ప్రతియొకటి ఇచ్చట ఉండవలెను. చదువురాని వృద్ధులకు దస్తావేజు చదివి వినిపించుటకు, అర్జీ వ్రాసిపెట్టుటకు, వయోవృద్ధుల సహాయమునకై ఏర్పడిన 14567 సంఖ్యకు ఫోను కలిపి యిచ్చుటకు ఇద్దరు యువకులు వారమునకొక సాయంకాలము కేటాయింపవచ్చును. వ్రేలిముద్ర వేయకముందు ఆ కాగితములో నేమున్నదో తెలిసికొన్న వృద్ధురాలు ఒక్కతె యున్నను, ఇరువదియైదేండ్లుగా ఇచ్చట వెలిగించిన దీపము సార్థకమైనట్లే.