వేలముపాటయు, వస్తువుల కైఫీయతును
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శుభసమయమున నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు ఆజ్ఞాపించిరి. నేను పండితుడను గాను. జమాఖర్చులు వ్రాసికొని బ్రదుకువాడను. 1984లో వంశపారంపర్య గ్రామోద్యోగములు రద్దగువరకు మా తండ్రిగారు ఈ యూరి కరణము. నేను సహకార సంఘపు లెక్కలు వ్రాయుచు ఏబది దాటినవాడను. కావ్యములు నాకు గురుముఖమున అబ్బినవి కావు. ఈ గ్రంథాలయపు పుస్తకములను ఒక ప్రక్కను, నిఘంటువును మరియొక ప్రక్కను పెట్టుకొని సాయంకాలములందు కూడబలుకుకొన్నవి. తప్పులున్న మన్నింతురుగాక.

లెక్కలవాడు ధరను గూర్చి మాటలాడుట సహజము. కావున నేడు పాతవస్తువుల వేలమును గూర్చి విన్నవించుకొందును.

వేలము మనకు క్రొత్త గాదు. చెరువు చేపలపాట, సంతపాట, దేవుని మాన్యపు కౌలుపాట మన మెరిగినవే. ధరావతు కట్టుట, సర్కారువారి పాట చాటుట, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి యని కొట్టివేయుట బాలురకు సైతము తెలియును. అయితే మనము పాడునది ఒక యేటి చేపలను, ఒక యేటి ఫలసాయమును. వాని విలువ అటునిటుగా లెక్కకు వచ్చును. పాటకాడు నష్టపడినను మరుసటి యేట చేపలు మరల పెరుగును.

పెద్ద నగరములందు జరుగు పాతవస్తువుల వేలము వేరు. లండనునందు సోత్‌బీసు అను సంస్థ 1744 నుండియు, క్రిస్టీసు అను సంస్థ 1766 నుండియు ఈ వ్యాపారము చేయుచున్నవి. అచ్చట ప్రతి వస్తువునకు ఒక సంఖ్య నిచ్చి, దాని బొమ్మను, వర్ణనను, రాగల ధర యొక్క అంచనాను జాబితాగా ప్రకటింతురు. మన యూర సర్కారువారి పాటను ముందే చాటుదురు. అచ్చట కనీసధరను సాధారణముగా గుప్తముగా నుంచెదరు. పాట ముగియగానే సుత్తితో బల్లపై కొట్టుదురు. ఆ మీదట కొన్నవాడు పాటధరపై నూటికింత యని సంస్థకు వేరుగా చెల్లింపవలయును.

ధర దేనినిబట్టి పెరుగును? వస్తువు అరుదైనదా, చెక్కుచెదరకున్నదా యని చూతురు. వీనికి మించి చూచునది మరియొకటి కలదు. అది ఎవరిది, ఎవరిచేత నుండి ఎవరిచేతికి వచ్చినది, అందుకు ఆధారమేమి యను వృత్తాంతము. మన పూర్వులు దీనినే కైఫీయతు అనిరి. కర్నల్ కాలిన్ మెకంజీ దొర మన గ్రామముల చరిత్రలను సేకరింప బూనినప్పుడు, కావలి సోదరులు మొదలగువారు ఊరూర తిరిగి, కరణముల యింట నుండిన దండకవిలెలను చూచి కైఫీయతులు వ్రాయించిరి. పొలమునకు హద్దు లెట్లో వస్తువునకు కైఫీయతు అట్లు. హద్దులు పోయిన పొలము వివాదమునకు మూలము. కైఫీయతు పోయిన వస్తువు తూకమునకు మాత్రమే పనికివచ్చును.

కాళిదాసుని శాకుంతలమున ఉంగరపు కథ మీరెరిగినదే. చేప కడుపున దొరికిన యుంగరము జాలరికి అమ్ముకొనదగిన సొమ్ము. రక్షకభటులకు దొంగసొత్తు. దుష్యంతునకు మాత్రము దానిని చూడగానే మరచిన భార్య జ్ఞప్తికి వచ్చినది. వస్తువు ఒక్కటియే, కథ తెలిసినవాని చేతికి వచ్చుటచేత అది మాటలాడినది.

2020వ సంవత్సరమున ఇంగ్లండులోని బ్రిస్టలు నగర సమీపమున నొక వేలపు సంస్థ తపాలాపెట్టెలో ఎవరో ఒక కవరు నుంచి పోయిరి. అందొక పాత కళ్లజోడు. దక్షిణాఫ్రికాలో గాంధీగారు తమ పెద్దల కిచ్చిన దని ఆ యింట చెప్పికొను కథ. విలువ లేనిచో పారవేయుడని యజమాని చెప్పెనట. పది పదునైదు వేల పౌండ్లు రాగలవని అంచనా వేయగా, 2 లక్షల 60 వేల పౌండ్లు పలికినది. అంతకు ముందు 2009లో న్యూయార్కు నగరమున గాంధీగారి కళ్లజోడు, చెప్పులు, జేబుగడియారము, పళ్లెము, గిన్నె కలిపి 18 లక్షల డాలర్లకు విజయ్ మాల్యాగారు పాడుకొనిరి. సొంత ఆస్తి వలదనిన మహాత్ముని సామాను కింత ధర పలుకుట చూచి నవ్వవలయునో ఏడ్వవలయునో నాకు తెలియలేదు.

ఇందుకు మారుగా వేటపాలెము సారస్వత నికేతనమును తలచుకొనుడు. అదియు మనవంటి గ్రామ గ్రంథాలయమే. 1918లో పుట్టినది. 1929లో గాంధీగారు దాని భవనమునకు శంకుస్థాపన చేసిరి. ఆయన చేతికర్ర యొకటి అచ్చట భద్రపరుపబడి యున్నది. దానికి పాట లేదు, ధర లేదు. చూడగోరిన బాలునకు చూపుదురు. నా లెక్కలో ఆ కర్రయే ఖరీదైనది.

గోలకొండ రాజ్యపు గనుల సంగతి చూడుడు. కృష్ణానదీ తీరమున మన పూర్వులు త్రవ్వితీసిన వజ్రములు లోకమంతట వ్యాపించినవి. గోలకొండదిగా పేరుపొంది, నిజాము వంశమువారి యొద్ద నుండిన గులాబివన్నె వజ్రమొకటి కలదు. దాని పేరు ప్రిన్సీ. బరువు 34.65 కారట్లు. 1960లో లండనునందు 46,000 పౌండ్లకు వేలమున పోయినది. 2013లో న్యూయార్కునందు మరల వేలమునకు వచ్చి, 3 కోట్ల 93 లక్షల డాలర్లు పలికినది. ఈ 53 ఏండ్లలో ఆ రాయి పెరుగలేదు, తరుగలేదు. కొన్నవారు టెలిఫోనులో పాడిరి. వేలమునాడు పేరు వెల్లడి కాలేదు. దానిని త్రవ్విన కూలివాని పేరును లేదు, నాటి పాటలో కొన్న కుబేరుని పేరును లేదు. రెంటి నడుమ ధర యొక్కటే మిగిలినది.

నిజాము నగలలో మరికొన్నిటికి వేరొక గతి పట్టినది. దీర్ఘకాలపు వ్యాజ్యముల పిమ్మట 1995లో భారత ప్రభుత్వము 173 నగలను సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నది. 2001లోను, 2006లోను హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియమున వానిని ప్రదర్శింపగా సామాన్యులు టిక్కెట్టు కొని చూచివచ్చిరి. ప్రజలు చూడగల చోటున నున్న వస్తువు ఎంత ధరకు కొన్నను ఖర్చు గాదు, అది జమయే యని నా యభిప్రాయము.

కొన్ని వస్తువులను అసలు పాటలో పెట్టవచ్చునా యను ప్రశ్న యున్నది. ఉత్తరప్రదేశమున నేపాళపు సరిహద్దు చెంత పిప్రహ్వా అను ఊరు కలదు. 1898లో విలియం క్లాక్స్‌టన్ పెప్పే అను దొర అచ్చటి స్తూపమును త్రవ్వించెను. పెద్ద రాతిపెట్టెలో అస్థిఖండములు, రత్నములు, బంగారు రేకులు దొరకినవి. అవి శాక్యులకు చెందిన బుద్ధుని ధాతువులని ఒక భరిణపై బ్రాహ్మీలిపిలో వ్రాసియున్నది. అస్థులను సయాము రాజునకు పంపిరి. రత్నములలో పెక్కు కలకత్తా మ్యూజియమునకు చేరినవి. కొన్నిటిని దొరకు విడిచిరి. 2025 మే నెలలో అతని సంతతివారు వానిని హాంకాంగునందు సోత్‌బీసువారి వేలమున పెట్టిరి. భారత ప్రభుత్వము నోటీసు పంపగా వేలము ఆగినది. జూలై నెలలో గోద్రెజ్ సంస్థవారి తోడ్పాటుతో 127 ఏండ్లకు ఆ రత్నములు స్వదేశమునకు చేరినవి.

ఆ రత్నములను ధాతువులతో కలిపి సమర్పించిన వారు అమ్మదలచి పెట్టలేదు, మ్రొక్కి పెట్టిరి. ఇచ్చినవాని మనస్సు కూడ కైఫీయతులోని భాగమే. దేవునికి కట్టిన తాళిబొట్టును అంగడిలో పెట్టినచో మనకెట్లుండునో ఇదియు నట్లే.

మన జిల్లాలకు సమీపమైన సంగతి యింకొకటి చెప్పెదను. ప్రకాశము జిల్లా చందవరమున ప్రాచీన బౌద్ధస్తూప మున్నది. అచ్చటి శిల్పఫలకమొకటి దొంగల పాలై సముద్రములు దాటినది. ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలవారు 2005లో న్యూయార్కు వర్తకురాలి యొద్ద దానిని 5 లక్షల 95 వేల డాలర్లకు కొనిరి. కాని చందవరమున నుండగా ఎవరో తీసిన ఛాయాచిత్ర మొకటి మిగిలియుండెను. దానితో ఫలకము ఎక్కడిదో తేలినది. 2016లో ఆ ఫలకమును భారతదేశమునకు తిరిగి యిచ్చిరి. ఒక్క ఛాయాచిత్రము! అది లేకున్న ఎన్ని వ్యాజ్యములు వేసినను ఆ శిల మాటలాడి యుండదు.

ఇంతవరకు దేశదేశముల మాటలు చెప్పితిని. ఇక నా సొంత జమాఖర్చులో కొట్టివేయరాని పద్దు నొకదానిని మీ యెదుట చదివెదను.

1998లో వేసవినాడు పాత ఇత్తడికి స్టీలు సామాను మార్చువాడొకడు మన వీధికి వచ్చెను. మా యింట అటుకమీద భోషాణమున నాలుగు తాళపత్రపు కట్టలు, ఒక ఇనుపగంటము, మా తాతగారి ఇత్తడి సిరాబుడ్డి యుండెను. కప్పు కారి కొన్ని ఆకులు తడిసినవి. “అయ్యగారూ, ఇవి చెదలు పట్టి పోయేవే గదా, ఇచ్చెయ్యండి” అని వాడనెను. అన్నియు కలిపి 350 రూపాయలకు ఇచ్చివేసితిని. లాభమే వచ్చినదని సంతోషించితిని.

సాయంకాలము మా అమ్మగారు అటుక చూచి అడిగిరి. “ఏమిరా నాయనా, ఆ కట్టలలో ఏముందో చదివావా?”

“లేదమ్మా” అంటిని.

“చదవనిదానికి వెల ఎట్లా కట్టావురా?” అనిరి. మరేమియు అనలేదు. ఆ రాత్రి ఆమె భోజనము చేయలేదు.

మరునాడు సంతలన్నియు తిరిగితిని. వాడు కనబడలేదు. అవి కరణికపు లెక్కలో, వైద్యమో, కావ్యమో నేటికిని నాకు తెలియదు. ఏ నగరమున, ఏ అద్దాల బీరువాలో, ఎవరి తాతగారి పేరున నున్నవో తెలియదు. చదువలేక అమ్ముకొన్నాననెడి సిగ్గుచేతనే నేను ముప్పది దాటిన పిమ్మట చదువ మొదలిడితిని. ఈ గ్రంథాలయము స్థాపితమైన నాడు మొట్టమొదట చందా కట్టినవారిలో నేనొకడను. నేను చదివిన కావ్యములన్నియు ఆ 350 రూపాయలకు వడ్డీగా చెల్లించినవే. అసలు ఇంకను బాకీ యున్నది.

నా వలె మరియొకరు మోసపోకుండ రెండు హెచ్చరికలు చేసెదను.

మొదటిది ఆశకు సంబంధించినది. శ్రీరాముని బొమ్మగల కుంపినీ నాణెము లక్షలు పలుకునని, బియ్యమును లాగు రాగిచెంబు కోట్లు పలుకునని, పాత అయిదు రూపాయల నోటును లక్షలకు కొందుమని చెప్పువారు తిరుగుచున్నారు. ఈస్టిండియా కుంపినీ రాముని బొమ్మతో చలామణీ నాణెములు ముద్రింపలేదు. చెంబు బియ్యమును లాగదు. దానిని నమ్మినవాని సొమ్మును లాగును. పాత నోట్ల బేరములతో తమకు సంబంధము లేదని, అందుకై రుసుమేమియు అడుగమని రిజర్వు బ్యాంకువారు 2021లో ప్రకటించిరి. కొనువాడు అమ్మువానినే ముందుగా డబ్బు కట్టుమనిన, అది బేరము గాదు, మోసము.

రెండవది శాసనమునకు సంబంధించినది. 1972నాటి పురావస్తు శాసనము ప్రకారము నూరేండ్లు దాటిన శిల్పములు, చిత్రములు, నాణెములు మొదలగునవి పురావస్తువులు. చరిత్ర, సాహిత్య, శాస్త్ర విలువగల వ్రాతప్రతులకు 75 ఏండ్లు చాలును. లైసెన్సు లేనివాడు వీని వర్తకము చేయరాదు. సొంతవారెవరును వీనిని విదేశములకు పంపరాదు. పొలము దున్నుచుండగా నిక్షేపము దొరకి, విలువ పది రూపాయలు మించినచో కలెక్టరునకు తెలుపవలయునని 1878నాటి శాసనము చెప్పుచున్నది. దాచినవాడు నేరస్థుడగును, తెలిపినవాడు నష్టపోవునని భయపడ నక్కరలేదు.

చివరగా నొక మనవి. ఈ రజతోత్సవ జ్ఞాపకముగా మన గ్రంథాలయమున నొక చిట్టా తెరువుదము. దానికి “గ్రామ వస్తు కైఫీయతు” అని పేరు పెట్టుదము. ఎవరి వస్తువును ఎవరును ఇయ్యనక్కరలేదు. ఎవరి యింట వారిదే యుండనిండు. తాళపత్రము, రాగిరేకు, పాత కావడిపెట్టె, మగ్గపు సామాను, అవ్వ కాసులపేరు, ఊరిబయటి శాసనపురాయి, ఏదైనను సరే. వస్తువేది, కొలతలెంత, ఎవరినుండి వచ్చినది, ఇంటివారు చెప్పు కథ యేమి అని నాలుగు గడులు. ప్రక్కన నొక ఛాయాచిత్రము. నేడు చేతిలోని ఫోనుతోనే తీయవచ్చును. పాఠశాల పిల్లలు ఇంటింటికి పోయి పెద్దల నడిగి వ్రాసికొని వచ్చిన, వారికి చరిత్రయు అబ్బును, తాతలతో మాటలును కలియును. చదువరాని ప్రతులున్నచో లిపి తెలిసిన పండితులకు చూపించి, పేరైనను తెలిసికొందము.

రేపు ఎవరికైన కష్టకాలము వచ్చి అమ్ముకొనవలసివచ్చిన, అమ్ముకొననిండు. ఆకలిగొన్నవానికి నీతులు చెప్పు హక్కు నాకు లేదు. కాని ఏది అమ్ముచున్నాడో తెలిసి అమ్మనిండు. దొంగలు ఎత్తుకొనిపోయినచో, చందవరపు ఫలకమువలె దానిని వెనుకకు పిలుచుటకు మన చేత నొక పత్రముండును.

చిట్టాకు కావలసిన పుస్తకము నేను కొని తెచ్చినాను. ఇదిగో, అధ్యక్షులవారి బల్లపై నుంచుచున్నాను. మొదటి పద్దు నేనే వ్రాసినాను. వస్తువు: తాళపత్రపు కట్టలు నాలుగు, గంటము ఒకటి, సిరాబుడ్డి ఒకటి. ఎవరినుండి వచ్చినవి: మా తాతగారు. కథ: తెలియదు. ఛాయాచిత్రము: లేదు. నా పద్దులో ఖాళీగా మిగిలిన ఆ గడులు మీ పద్దులలో నిండుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.