గోడ దాటని కణం

  నన్ను వదలని చింత ఒకటుంది, ఇవాళ డాక్టరు పట్టాలందుకున్న మీ నెత్తిన దాన్ని పెట్టి పోతాను.

రొమ్ములో పాలనాళం లోపలే చెడ్డ కణాలు గుమిగూడి, నాళం గోడ దాటకుండా ఉన్న దశే డీసీఐఎస్. చాలాసార్లు చేతికి గడ్డ తగలదు. మామోగ్రామ్‌లో ముగ్గుపిండి చల్లినట్టు సన్నటి సున్నపు చుక్కలు, అంతే. కొన్ని రేపు గోడ దాటుతాయి, కొన్ని జీవితాంతం అక్కడే పడుంటాయి. ఏది ఏదో తేల్చలేక దాదాపు అందరికీ కత్తి పెడుతున్నాం. కోసి తీసేశాక అది ఏమయ్యేదో ఇక తెలిసే దారి లేదు. వజ్రాలు సానబట్టే మన సూరత్‌లో ఇది విడమరచక్కర్లేదు: ముడి వజ్రంలో మచ్చ భూతద్దంలో కనిపిస్తుంది, అక్కడ రాయి చీలుతుందా లేదా అన్నది సానచక్రం ఎక్కితేగానీ తేలదు. స్లైడ్ చూసి ఊహించబోతే అదీ బెడిసికొడుతోంది. నాళం చుట్టూ ఉన్న మయోఎపిథీలియల్ పొర చెదిరితే ముప్పు అనుకుంటాం కదా. 2022లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూస్తే, తర్వాత క్యాన్సర్ గోడ దాటనివాళ్లలోనే ఆ పొర ఎక్కువ చెదిరి ఉంది.

మరి ఆగి చూడొచ్చా? అమెరికాలో కామెట్ ప్రయోగం తక్కువ ముప్పున్న 957 మందిని చీటీలు తీసినట్టు రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు ఆపరేషన్, రెండోదానికి ఆరునెలలకోసారి మామోగ్రామ్. 2024 చివర్లో వచ్చిన లెక్క: రెండేళ్లలో గోడ దాటిన క్యాన్సర్ మొదటి జట్టులో 5.9 శాతం, రెండోదాంట్లో 4.2. రెండేళ్లు బొత్తిగా చాలవు, ఇది చూసి కత్తి పారేస్తానంటే నేనే ఒప్పుకోను.

ఈ ఊళ్లోనే లింబాయత్ మరమగ్గాల సందుల్లో మన తెలుగు ఆడవాళ్లు గడ్డ నిమ్మకాయంత అయితేగానీ రారు, ఈ గొడవ మనకెందుకంటారా? సగం నిజం. టాటా మెమోరియల్ వాళ్లు ముంబయిలో 1,51,538 మందితో 20 ఏళ్లు నడిపిన అధ్యయనంలో, శిక్షణ పొందిన కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షిస్తే, 50 దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. లింబాయత్‌కు ముందు కావలసింది ఆ చెయ్యే. కానీ డబ్బున్న వీధిలోకి మామోగ్రామ్ వచ్చేసింది, వెంట ఈ చుక్కలూ వచ్చాయి.

ఏమర్రా, ఓపీలో మనిషికి మూడు నిమిషాలు ఇస్తారు. అందులో మొదటే ‘క్యాన్సర్’ అన్నారంటే తర్వాతి మాట ఆమె చెవికెక్కదు. ‘గోడ దాటలేదమ్మా’ అని మొదలుపెట్టండి. ‘దాటుతుందా?’ అంటుంది. ‘కచ్చితంగా చెప్పలేనమ్మా’ అనండి. తలుపు దగ్గర నిలబడి కాదు, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని అనండి.