ఎత్తు దాచుకోని పోటీ
(రాజమహేంద్రవరంలో చేసిన స్మారకోపన్యాసం)



మనం తలుచుకుంటున్న మాస్టారిని పేరుపెట్టి పిలిచినవాళ్లు ఈ ఊళ్లో తక్కువ. చదరంగం మాస్టారంటే చాలు, అందరికీ తెలిసేది. ఆయన పద్ధతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆట కట్టిన వెంటనే బలగాన్ని డబ్బాలో వెయ్యనిచ్చేవారు కాదు. మళ్లీ మొదటినుంచి పేర్పించి, ఓడినవాడి చేత ముందు మాట్లాడించేవారు. “ఈ ఎత్తు ఎందుకు వేశావో చెప్పు నాయనా” అని అడిగేవారు. అతడు చెప్పాక గెలిచినవాడి వంతు. ఆ పద్ధతికి చాలా పెద్ద చరిత్ర ఉంది. ఆ చరిత్రనే ఈ సాయంత్రం మీ ముందు పెడుతున్నాను. వంతులవారీగా ఎత్తులు వేసుకునే ఆటల్లో స్నేహపూర్వకమైన పోటీ మన నేల మీద ఎలా పెరిగింది, ఈనాడు కంప్యూటర్ల మీద కుర్రవాళ్లు ఒకరికొకరు విసురుకునే సవాళ్ల దాకా ఎలా వచ్చింది అన్నది నా విషయం. అందులో నాకు కనబడిన సత్యం ఒకటే. డబ్బు ఒడ్డినచోట మనిషి తన ఆలోచన దాచుకుంటాడు. డబ్బు ప్రసక్తి లేనిచోట చెప్పుకుంటాడు. అలా చెప్పుకున్న ఆలోచనే పదిమందికీ విద్య అవుతుంది.

పందెం సంగతి గోదావరి సీమకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కోరిక మీద నన్నయభట్టు ఈ నగరంలోనే భారతాన్ని తెలుగు చేయడానికి పూనుకున్నారు. ఆదిపర్వం, సభాపర్వం, అరణ్యపర్వంలో కొంత ఆయన రాశారు. ధర్మరాజు రాజ్యాన్నీ తమ్ముళ్లనూ తననూ చివరికి ద్రౌపదినీ ఒడ్డి ఓడిపోయిన ద్యూత ఘట్టం సభాపర్వంలోదే. ఆ తరవాత కొన్ని శతాబ్దాలకు శ్రీనాథుడు వచ్చాడు. కాశీఖండాన్ని రాజమహేంద్రవరం ఏలిన వీరభద్రారెడ్డికి అంకితమిచ్చిన కవి ఆయన. పల్నాటి వీరచరిత్ర కూడా ఆయన పేరు మీదే ఉంది. అందులో నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ నడుమ జరిగిన కోడిపోరు ఒక పక్షాన్ని వలసకు పంపి, కారెంపూడి రణరంగం దాకా తీసుకెళ్లింది.

ఈ నగరంతో ముడిపడిన ఇద్దరు మహాకవులు చెప్పిన ఈ రెండు కథల్లోనూ ఒడ్డిన వస్తువు ఆటకంటే పెద్దదైపోయింది. శకుని పాచికల్లో ఏముందో ధర్మరాజుకు తెలియదు. తెలియకపోవడం మీదే శకుని బలమంతా ఆధారపడింది. సంక్రాంతి బరుల దగ్గర ఏడాది కష్టం పోగొట్టుకుని ఇంటికి వచ్చే మనిషిని చూసిన సీమ మనది. అలాంటిచోట నా ఆలోచన ఇదీ అని ఎదుటివాడికి ఎవడు చెబుతాడు?

అయితే ఇదే సీమలో మరో సంప్రదాయమూ ఉంది. పాత గుళ్ల మండపాల్లో రాతి నేల మీద గీతలు చెక్కి ఉండటం మీరు చూసే ఉంటారు. పులి–మేక ఆట గళ్లవి. గీతలు కలిసే చోట్లు 23. ఒకరికి 3 పులులు, రెండోవారికి 15 మేకలు. మేకల్ని ఒక్కో వంతుకు ఒక్కొక్కటిగా దింపాలి. పులి మేక మీదుగా దూకితే మేక పోతుంది. మేకలన్నీ కలిసి పులికి కదిలే దారి లేకుండా చేస్తే మేకలు గెలిచినట్టు. రెండు పక్షాల బలం సమానం కాని ఆట కాబట్టి, పులులు పట్టినవారు మరో ఆటకు మేకలు పట్టాలి. బలవంతుడి వైపునుంచీ బలహీనుల వైపునుంచీ ఒకే గీతల్ని చూసే అలవాటు అలా వస్తుంది. దాడి అనే మరో గీతల ఆటలో ఇరుపక్షాలూ సమానమే గాని, మూడు కాయల్ని ఒక వరసలో నిలబెట్టడానికి చూసే ముందుచూపు అదే. వీటికి కావలసింది చింతపిక్కలు, గవ్వలు, సుద్దముక్క. డబ్బుతో పనే లేదు.

పందెం లేని ఈ సంప్రదాయానికి శిఖరం మాత్రం అవధానం. కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు, పశ్చిమగోదావరి యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు తిరుపతి వేంకట కవులుగా ఊళ్లలోనూ సంస్థానాల్లోనూ దీన్ని జనం మధ్యకు తెచ్చారు. అష్టావధానంలో చదరంగాన్ని కూడా ఒక అంశంగా పెట్టే ఆచారం ఉండేది. ఒకపక్క పద్యం అల్లుతూ, మరోపక్క మోగే గంటలు లెక్కపెట్టుకుంటూ, ఇంకోపక్క గుర్రానికీ శకటుకూ ఎత్తులు చెప్పాలి. చదరంగం లేని అవధానాన్ని కూడా వంతులవారీ పోటీగానే చూడాలి. నిషిద్ధాక్షరి సంగతే తీసుకోండి. అవధాని ఒక అక్షరం చెబుతాడు. తరవాత ఏ అక్షరం రాబోతోందో ఎదుట కూర్చుని పరీక్షించే పృచ్ఛకుడు ఊహించి దాన్ని నిషేధిస్తాడు. అవధాని ఛందస్సు చెడకుండా, అర్థం పోకుండా పక్కదారి వెతుక్కుంటాడు. ఎదుటివాడి మనసులో ఉన్నదాన్ని ముందే పసిగట్టే పోటీ ఇంత సూక్ష్మంగా సాగే ఆట మరొకటి నాకు తెలియదు.

పృచ్ఛకుడు అవధానిని పడగొట్టడానికే ప్రయత్నిస్తాడు. అయినా అతడికి అవధాని మీద పగ లేదు. ఇచ్చిన సమస్యకు పూరణ బాగుంటే మొదటి చప్పట్లు అతడివే. సభలో ఉన్నవారంతా అదే సమస్యను మనసులో పూరించుకుంటూ ఉంటారు. తమకు తట్టిన దారినీ అవధాని పట్టిన దారినీ పోల్చుకుంటూ ఇళ్లకు వెళతారు. చిక్కు అందరికీ ఒకటే. విప్పే తీరు ఎవరిది వారిది. విప్పిన తీరు పదిమందిలో చెప్పాలి. స్నేహపూర్వకమైన సవాలుకు కావలసిన మూడు లక్షణాలూ ఇవే.

చదరంగంలోనూ ఈ మూడు లక్షణాలు మన దేశంలో కనబడ్డాయి. పీష్వా రెండో బాజీరావు కాలంలో తిరువేంగడాచార్య శాస్త్రి సంస్కృతంలో చదరంగం మీద గ్రంథం రాశారు. 1814లో బొంబాయిలో దాని ఇంగ్లీషు అనువాదం అచ్చయింది. అందులో ప్రధానంగా ఉన్నవి స్థితులు. బలగం ఇలా ఉంది, ఇక్కడినుంచి ఆట కట్టించు అని పాఠకుడికి ఇచ్చే సమస్యలన్నమాట. మన నాటు చదరంగంలో బంటుకు మొదటి ఎత్తులో రెండు గళ్లు దూకే వీలు లేదు. రాజుకు కోట కట్టడం లేదు. ఐరోపా పద్ధతి తెలిసినవారికి కూడా పనికొచ్చేలా ఆయన సమస్యల్ని ఆ పద్ధతికి మలిచారు. రెండు లోకాల ఆటగాళ్లు ఒకే చిక్కు ముందు కూర్చోవడానికి వీలైంది.

మరో 14 ఏళ్లకు, 1828 ప్రాంతంలో, మద్రాసు ఆటగాళ్లకూ హైదరాబాదు ఆటగాళ్లకూ మధ్య ఉత్తరాల మీద చదరంగం నడిచింది. రెండు ఆటలు. ఒక్కో ఎత్తూ తపాలాలో వెళ్లాలి, జవాబు తపాలాలోనే రావాలి. అదే కాలంలో, 1824 నుంచి 1828 వరకు, లండన్‌కూ ఎడిన్‌బరోకూ మధ్య ఇలాంటి పోటీయే జరిగింది. ఎడిన్‌బరో గెలిచింది. మన పోటీలో మరీ గొప్ప విషయం తరవాత జరిగింది. మద్రాసుకు చెందిన ఆటగాడు గులాం కాసిం ఆ రెండు ఆటలకూ వ్యాఖ్యానం రాశారు. మద్రాసు సివిల్ సర్వీసులో ఉన్న జేమ్స్ కాక్రేన్ కూడా తోడ్పడ్డారు. 1829లో అది మద్రాసులోనే పుస్తకంగా వచ్చింది. ఉత్తరాల ఆటలో ఎత్తు ఎత్తుకూ నడుమ రోజుల తరబడి వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో ఒక ఊరి ఆటగాళ్లంతా చేరి మంతనాలు చేస్తారు. కాబట్టి అక్కడ ఆడేది ఊరే. ఆ మంతనాలు అచ్చులోకి వచ్చేసరికి అవి మూడో ఊరివాడికి కూడా పాఠమయ్యాయి.

ఇక యంత్రాల కాలానికి వస్తాను. 1991లో అమెరికాలో సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ రూపొందించిన సివిలైజేషన్ అనే ఆట విడుదలైంది. క్రీ.పూ. 4000లో ఒక చిన్న గుంపుతో మొదలుపెట్టి, నగరాలు కట్టి, విద్యలు నేర్చి, పొరుగువారితో సంధో యుద్ధమో చేసుకుంటూ వేల ఏళ్లు నడిపించే ఆట అది. చేతివేగంతో పని లేదు. మీ వంతు వచ్చినప్పుడు గంటసేపు ఆలోచించినా అడిగేవారు లేరు. అందుకే ఇది చదరంగానికి బంధువు.

ఈ ఆట ఆడేవాళ్ల మధ్య ఒక చక్కటి ఆచారం పుట్టింది. ఒకే ప్రపంచపటం, ఒకే తొలి స్థితి ఉన్న ఫైలును అందరికీ పంచుతారు. గడువు పెడతారు. ఎవరి ఇంట్లో వారు ఆడతారు. గడువు ముగిసేదాకా ఎవరూ ఏమీ బయటపెట్టకూడదు. ఆ తరవాత తమ కథ పూర్తిగా చెప్పాలి. ఏ వంతులో నగరం ఎక్కడ కట్టారు, నదిని ఎందుకు వదులుకున్నారు, ఎక్కడ తప్పటడుగు వేశారు, అన్నీ చెప్పాలి. కొన్ని సవాళ్లకు షరతులుంటాయి. ఆట మొత్తం ఒక్క నగరంతోనే నడపాలనేది ఒకటి. ఎవరి మీదా దండెత్తకుండా గెలవాలనేది మరొకటి. ఇంకో రకంలో ఒకరు కొన్ని వంతులు ఆడి, తాము చేసిందంతా రాసి, ఆ రాజ్యాన్ని రెండోవారి చేతికి అప్పగిస్తారు. వారసుడికి ముందువాడు చేసిన మంచీ చెడూ రెండూ దక్కుతాయి.

వీటిలో ఒక నియమం నాకు పరమ పవిత్రంగా తోస్తుంది. ఫలితం నచ్చకపోతే వెనక్కి వెళ్లి ఎత్తు మార్చుకోకూడదు. కంప్యూటర్‌లో ఆ పని క్షణంలో చెయ్యవచ్చు. పక్కన కాపలా ఎవరూ ఉండరు. అయినా చెయ్యరు. కాపలా లేనిచోట మాట నిలబెట్టుకోవడాన్ని ఇరవై ఏళ్లు నిండని కుర్రవాడు ఒక ఆట ద్వారా నేర్చుకుంటున్నాడు. దాన్ని వ్యసనం అనే ఒక్కమాటతో కొట్టిపారెయ్యకండని తల్లిదండ్రులకు నా మనవి.

1999లో ఆలోచనను అందరితో పంచుకునే ఈ ధోరణి లోకమంతటికీ కనబడింది. చదరంగ విజేత గారీ కాస్పరోవ్ ఒకవైపు, ప్రపంచ ప్రజలు మరోవైపు. రోజుకొక ఎత్తు. ప్రజల ఎత్తును ఓట్లతో నిర్ణయించారు. 75కు పైగా దేశాలనుంచి 50,000 మందికి పైగా పాల్గొన్నారు. సలహాలిచ్చిన యువ ఆటగాళ్లలో అమెరికాకు చెందిన ఇరీనా క్రష్ వయసు అప్పటికి 15. ఆ అమ్మాయి తన విశ్లేషణను ఏరోజుకారోజు అందరి ముందూ పెట్టేది. నాలుగు నెలలు నడిచి, 62 ఎత్తులకు కాస్పరోవ్ గెలిచారు. తరవాత ఆ ఒక్క ఆట మీదే ఆయన ఒక పుస్తకం తెచ్చారు. ఉత్తరాల ఆటకు గులాం కాసిం 1829లో చేసిన పనే ఇదీ.

మనవాళ్ల సంగతి చూడండి. పక్క డెల్టాలోని గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచారు. తునికి చెందిన బొడ్డ ప్రత్యూష 2020లో మహిళా గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో స్వర్ణం గెలిచిన జట్లలో గుంటూరు బిడ్డలు పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక, వరంగల్‌కు చెందిన ఇరిగేశి అర్జున్ ఉన్నారు. అదే ఏడాది డిసెంబరులో, చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్ ప్రపంచ విజేత అయ్యాడు. పోటీ స్థాయి చదరంగంలో ఆట ముగిశాక ప్రత్యర్థులిద్దరూ అక్కడే కూర్చుని ఎత్తులు తిరగేసుకునే ఆచారం ఉంది. ఎత్తులు దాచుకునేవాళ్ల మధ్య ఇలాంటి తరం తయారుకాదు.

మరి ఇన్ని ఉన్నా మన పిల్లల ఫోన్లలోకి పాచికల కొలువు వచ్చి కూర్చుంది. డబ్బు పెట్టి ఆడే ఆటలు ఎన్ని ఇళ్లను కుంగదీశాయో మీకు తెలుసు. ఆంధ్రప్రదేశ్ 2020లో తన 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు ఆటలను నిషేధించి, ఈ–స్పోర్ట్స్‌నూ సరదా ఆటలనూ ప్రోత్సహించే చట్టం చేసింది. చట్టం తలుపు మూయగలదు. మూసిన తలుపు ముందు నిలబడ్డ కుర్రవాడికి వెళ్లడానికి మరోచోటు చూపించవలసింది మనం.

ఆ చోటు ఈ సీమలో గ్రంథాలయాలే కాగలవు. గౌతమీ గ్రంథాలయం ఉన్న ఊరు మనది. నేను కోరేది పెద్ద ఖర్చు కాదు. ప్రతి గ్రంథాలయంలో ఒక బల్ల, ఒక పలక, వీలైతే ఒక కంప్యూటర్. నెల మొదట్లో పలక మీద ఒక చదరంగ సమస్య రాసి పెట్టండి. కంప్యూటర్ మీద ఆడేవారికి ఒకే పటం పంచండి. కొనుక్కోవలసిన అవసరం కూడా లేదు. డెన్మార్క్‌లో ముగ్గురు విద్యార్థులు మొదలుపెట్టి 1996లో విడుదల చేసిన ఫ్రీసివ్, 2003లో వచ్చిన బాటిల్ ఫర్ వెస్నాత్ అనే ఆటలు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. నెలాఖరు ఆదివారం అందరూ చేరి, తమ ఆలోచన తెలుగులో చెప్పాలి. బహుమతిగా డబ్బు వద్దు. అందరికంటే స్పష్టంగా చెప్పినవారికి ఒక పుస్తకం ఇవ్వండి, వారు గెలిచినా ఓడినా. అమ్మాయిలకు సగం కుర్చీలు ముందే ఉంచండి. తాతలూ మామ్మలూ పులి–మేకతో రండి, ఆ బల్ల మీద మీరే గురువులు.

మాస్టారి స్మృతికి దీనికంటే తగిన నివాళి నాకు తోచడం లేదు. మొదటి సవాలు ఇక్కడే ఇస్తున్నాను. పులి–మేక పలక మీద 15 మేకల్లో ఒక్కటీ పోకుండా మూడు పులుల్నీ కట్టడి చెయ్యాలి. పులుల పక్షం మీ ఇంట్లో అందరికంటే గట్టిగా ఆడేవారికి ఇవ్వండి. ప్రతి వంతూ కాగితం మీద రాయండి. కుదరకపోతే ఎన్నో మేక దగ్గర, ఎందుకు దెబ్బతిన్నారో కూడా రాయండి. ఆ కాగితాలన్నిటినీ ఒకచోట చేర్చి అచ్చువేయించే పూచీ నాది.