హొసూరు నుండి నడిచిపోయిన ఫిజిక్స్ మేష్టారు
(సాదలిలో జరిగిన విద్యార్థి వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక గొప్ప భౌతిక శాస్త్రవేత్త గురించి చెప్పమన్నారు. ఐన్‌స్టీన్ గురించో, సర్ సి.వి. రామన్ గురించో చెబుతానని మీరు అనుకొని ఉంటారు. వారి గురించి మీ పుస్తకాల్లో పాఠాలు ఉన్నాయి. నేను మన జిల్లా మనిషి గురించి చెబుతాను. ఆయన డాక్టర్ ఎచ్. నరసింహయ్య గారు. అందరూ ఎచ్చెన్ అనేవారు.

గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920 జూన్ 6న బీద కుటుంబంలో పుట్టినారు. అప్పుడు అది కోలారు జిల్లా. ఊళ్ళో చదువు అయిపోయింది. హైస్కూలుకు బెంగళూరు పోవాలి. బస్సుకు డబ్బు లేదు. 1935లో ఆ పిల్లవాడు సుమారు 80 కిలోమీటర్లు రెండు రోజులు నడిచి బెంగళూరు చేరి, బసవనగుడి నేషనల్ హైస్కూల్లో చేరినాడు. ఇక్కడ పదో తరగతి పిల్లలు ఉన్నారు కదా, మీ వయసే అనుకోండి.

మరుసటి సంవత్సరం గాంధీజీ ఆ స్కూలుకు వచ్చినారు. ఆయన హిందీలో మాట్లాడితే కన్నడంలో చెప్పే పని ఈ పల్లెటూరి విద్యార్థికి దక్కింది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. డిగ్రీ చదువు మధ్యలో వదిలేసి జైలుకు పోయినారు. బయటికి వచ్చి మళ్ళీ అదే చదువు పట్టుకున్నారు. ఈ మాట తల్లిదండ్రులు గమనించాలి. ఒక సంవత్సరం పోతే చదువే పోయినట్టు కాదు. 1946లో బసవనగుడి నేషనల్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ అయినారు. తరువాత అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి పోయి, 1960లో న్యూక్లియర్ ఫిజిక్స్‌లో పిహెచ్.డి. తీసుకున్నారు. పరమాణువు నడిమధ్య ఉండే కేంద్రకాన్ని గురించిన శాస్త్రం అది. ఆ రోజుల్లో ఆ పట్టా ఉన్నవానికి అమెరికాలో పని దొరకడం కష్టం కాదు. ఆయన తిరిగి వచ్చినారు.

న్యూటన్ సూత్రం ఉన్నట్టు నరసింహయ్య సూత్రం అని మీ పుస్తకాల్లో ఏదీ ఉండదు. ఉన్నమాట చెప్పాలి, ఆయన పేరు నిలిచింది ప్రయోగశాలలో కాదు. ఖద్దరు కట్టుకుని, పెళ్ళి చేసుకోకుండా, కాలేజీ హాస్టల్లో ఒక గదిలో బతికినారు. ప్రిన్సిపాల్ అయినా, 1972 నుండి 1977 వరకు బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ అయినా ఆ జీవనం మారలేదు. 1984లో పద్మభూషణ్ వచ్చింది. నేషనల్ ఎడ్యుకేషన్ సొసైటీ తరఫున గౌరిబిదనూరులో, బాగేపల్లిలో కాలేజీలు పెట్టించినారు. తాను రెండు రోజులు నడిచిన దారిని మన పిల్లలకు తగ్గించినారు. నా లెక్కలో ఆయన చేసిన అతి పెద్ద ఫిజిక్స్ పని ఇదే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, కొన్ని సంవత్సరాల కిందట ఇలాంటి సభలోనే వేతనం తీసుకున్న ఒక పాప మరుసటి ఏడు మొదటి పి.యు.సి.లో చదువు మానేసింది. పరీక్ష తప్పి కాదు, మంచి మార్కులే. సాయంత్రం బస్సు లేట్ అయితే చీకటి పడుతుంది, ఇంట్లో పట్టుపురుగులకు ఆకు వేసేవాళ్ళు లేరు. తండ్రి చెడ్డవాడు కాదు. మేము కవరు చేతికిచ్చి ఫోటో తీసుకుని ఇంటికి పోయినాము. బస్సు సంగతి ఎవరమూ అడగలేదు. అడిగి ఉండాల్సింది. ఈ సంవత్సరం దరఖాస్తులో "కాలేజీకి ఎట్లా పోయి వస్తావు?" అనే ప్రశ్న చేర్చమని ట్రస్టు వారిని కోరినాను, ఒప్పుకున్నారు.

ఎచ్చెన్ గారికి ప్రశ్న అంటే ప్రాణం. 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం స్థాపించినారు. వారం వారం శాస్త్రవేత్తలను పిలిపించి మామూలు జనానికి ఉపన్యాసాలు ఇప్పించేవారు. 1976లో వైస్ ఛాన్సలర్‌గా ఉన్నప్పుడు మహిమలను, మూఢనమ్మకాలను శాస్త్రీయంగా పరిశీలించడానికి ఒక కమిటీ వేసినారు. చాలామందికి కోపం వచ్చింది. ఆయన వెనక్కి తగ్గలేదు. దేవుణ్ణి నమ్మేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, నేనూ గుడికి పోతాను. ఆయనతో అన్నిటా ఒప్పుకోవాలని నేను అనడం లేదు.

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెబుతాను. 1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం. మా అవ్వ మమ్మల్ని ఇంట్లో వేసి తలుపు మూసింది. వీధిలో మనిషి లేడు. నేను ఫిజిక్స్ చదివిన తరువాత తెలిసింది, అవ్వ మాటలో సగం నిజం ఉందని. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కన్ను పోతుంది. కానీ చింతచెట్టు కింద నిలబడి నేల చూస్తే ఏమీ కాదు. ఆకుల సందుల్లో నుండి పడే ఒక్కొక్క వెలుగు చుక్క, గ్రహణం పట్టిన సూర్యుడిలాగే కొడవలి ఆకారంలో కనిపిస్తుంది. అట్టముక్కకు సూదితో బెజ్జం పొడిచి నీడలో చూసినా అంతే. ఊరంతా తలుపులు మూసుకున్న ఆ మధ్యాహ్నం మా చింతచెట్టు కింద నేల నిండా కొడవళ్ళు పరిచి ఉంటాయి, చూసినవాడు ఒక్కడూ లేడు. అవ్వను "ఎందుకు?" అని అడగాలని నాకు తోచలేదు. అడిగితే దెబ్బలు పడేవేమో, అది వేరే మాట.

ఆయన 2005 జనవరి 31న కాలం చేసినారు. తన కథను కన్నడంలో "హోరాటద హాది" అని రాసినారు. మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. కాబట్టి ఆ పుస్తకం చదవడానికి మీకు ఎవరి సాయమూ అక్కరలేదు. కాలేజీకి పోయినాక ఇంగ్లీషులో పాఠం అర్థం కాక వెనక బెంచీలో కూర్చునే రోజులు వస్తాయి. నాకూ వచ్చినాయి. అప్పుడు చెయ్యెత్తండి.

ఇంకా పది నిమిషాలు టైం ఉందని అధ్యక్షుల వారు సైగ చేస్తున్నారు. చింతచెట్టు కింద ఆ చుక్కలు కొడవళ్ళుగా ఎందుకు మారతాయో నేను చెప్పలేదు. ఎవరైనా అడగండి. తెలుగులో అడిగినా సరే, కన్నడలో అడిగినా సరే. ఆ చివర గోడకు ఆనుకొని నిలబడిన అమ్మలు కూడా అడగవచ్చు.